నాన్నగారి రిపోర్టులో అంకెలు చాలా ఉన్నాయి, ముఖ్యమైన పరీక్ష మాత్రం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ఐదు వారాల కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి కుడి ఊపిరితిత్తి పై భాగం (లోబ్) తీసేశారు. రిపోర్టులో అడినోకార్సినోమా, 2.8 సెంటీమీటర్లు, గ్రేడ్ 2, ప్లూరా ఇన్వేజన్ పీఎల్1, స్టాస్ ఉంది, నాలుగు స్టేషన్ల నుంచి తీసిన 11 లింఫ్ గ్రంథులూ నెగటివ్, అంచులు క్లియర్, స్టేజ్ 1బి అని రాశారు. రక్తంలో చూసే సీఈఏ అనే ప్రోటీన్ ఆపరేషన్‌కి ముందు 9.6 ఉండేది, మొన్న చేయిస్తే 3.1 వచ్చింది. కీమో అక్కర్లేదు, ఆరు నెలలకోసారి స్కాన్ చాలన్నారు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రక్తపరీక్ష కాగితం ముందు పెట్టుకుని ఎన్ఎల్ఆర్ లెక్క వేస్తే 4.2 వచ్చింది. 3 దాటితే మంచిది కాదని చదివాను. రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ చూసే పరీక్ష చేయిద్దామని అన్నయ్య పట్టుబడుతున్నాడు. నాన్న 30 ఏళ్లు సిగరెట్ తాగారు, జబ్బు బయటపడిన రోజే మానేశారు. ఈ బయోమార్కర్లలో దేన్ని నమ్మాలి? జబ్బు తిరగబెడుతుందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా? "నాకు పూర్తిగా పోయినట్టేనా?" అని నాన్న రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. – ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మీరు రాసిన అంకెల కోసం కాదు, రాయని ఒక పేరు కోసం. ఈజీఎఫ్‌ఆర్ అన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చేయించి ఉండి మీరు రాయడం మరిచిపోయారేమో. చేయించకపోతే మాత్రం ఈ వారంలోనే అడగండి. మిగతా విషయాలన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, దీనికి మాత్రం గడువుంది. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అడినోకార్సినోమా అంటే స్రావాలు చేసే కణాల్లో పుట్టే క్యాన్సర్. ఊపిరితిత్తుల్లో వచ్చే ఈ రకం కణితుల్లో కొన్నింటిలో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆ మార్పు ఉన్న కణితులకు ఓసిమెర్టినిబ్ అనే మాత్ర బాగా పనిచేస్తుంది. ఆపరేషన్ అయిపోయి, కంటికి జబ్బేమీ కనిపించని వాళ్లకు ఈ మాత్ర ఇస్తే ఏమవుతుందో అడౌరా అనే ట్రయల్‌లో చూశారు. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్న 682 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మూడేళ్లపాటు రోజుకో మాత్ర ఇచ్చారు, రెండో జట్టుకు మందు లేని మాత్ర ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత మందు తీసుకున్నవాళ్లలో 88 శాతం, తీసుకోనివాళ్లలో 78 శాతం బతికి ఉన్నారని 2023లో ప్రకటించారు. ఈ ట్రయల్‌లో స్టేజ్ 1బి నుంచి 3ఎ వరకు ఉన్నవాళ్లను చేర్చుకున్నారు. అంటే మీ నాన్నగారి స్టేజ్ కూడా అందులో ఉంది. 1బి వాళ్లలో జబ్బు తిరగబెట్టడమే తక్కువ కాబట్టి మందు వల్ల కనిపించే తేడా కూడా పై స్టేజ్‌ల వాళ్లంత పెద్దగా ఉండదు. అయినా అది పక్కన పెట్టదగిన తేడా కాదు.

గడువు అన్నాను కదా, అది ఇందుకే. ఆ ట్రయల్‌లో కీమో తీసుకోని వాళ్లకు ఆపరేషన్ అయిన 10 వారాల లోపు మాత్ర మొదలుపెట్టారు. మీకు ఇప్పటికే ఐదు వారాలు గడిచాయి. పరీక్ష ఫలితం రావడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. పది వారాలు దాటితే మందు పనిచేయదని దీని అర్థం కాదు. కానీ ఉన్న సమయాన్ని ఊరికే పోనివ్వడం ఎందుకు?

దీనికోసం నాన్నగారికి మళ్లీ సూది గుచ్చాల్సిన పనిలేదు. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కల్ని మైనంలో పోతపోసి పారాఫిన్ బ్లాకులుగా దాచి ఉంచుతారు. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలో అవి భద్రంగా ఉంటాయి. ఒక బ్లాక్ నుంచి సన్నటి పొరలు కోసి పరీక్షకు పంపితే సరిపోతుంది. నేను పాథాలజిస్టును, ఆ బ్లాకుల మధ్యే పనిచేసేదాన్ని. అడిగితే ఇవ్వని విభాగం దాదాపు ఉండదు. ముందు చేసిన బయాప్సీ మీద ఈ పరీక్ష అప్పుడే అయిపోయి, ఆ కాగితం వేరే ఫైల్లో ఉండిపోయి ఉండవచ్చు, అది కూడా కనుక్కోండి.

"ఆయన 30 ఏళ్లు సిగరెట్ తాగారు, ఈజీఎఫ్‌ఆర్ ఉండదు లెండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సిగరెట్ ముట్టనివాళ్లలో, ఆడవాళ్లలో, ఆసియా వాసుల్లో ఈ మార్పు ఎక్కువన్నది నిజం. తాగినవాళ్లలో తక్కువ, అసలు లేకపోలేదు. తాగారా లేదా అన్నదాన్ని బట్టి పరీక్ష మానేయకూడదని మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. నెగటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ అనుకుని వెళ్లండి, వస్తే నిరాశ పడకండి. అప్పుడు డాక్టరుగారు చెప్పిన ఆరు నెలల స్కాన్ పద్ధతే సరైనదని మనకు ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, దేన్ని నమ్మాలన్నది. బయోమార్కర్ (జబ్బు గురించి సమాచారమిచ్చే గుర్తు) అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు రకాల సమాచారాన్ని కలిపేస్తున్నారు. జబ్బు ఎంత మొండిది, ఎంతమందిలో తిరగబెడుతుంది అని చెప్పేవి ఒక రకం. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి రెండో రకం. సీఈఏ, ఎన్ఎల్ఆర్, గ్రేడ్ (సూక్ష్మదర్శినిలో కణితి రూపాన్ని బట్టి ఇచ్చే అంకె), స్టాస్ మొదటి రకం. ఈజీఎఫ్‌ఆర్ రెండో రకం. మొదటి రకం అంకెలు ఎన్ని పోగేసినా, చాలాసార్లు రేపు చేయాల్సిన పని మారదు, భయం మాత్రం పెరుగుతుంది. కాబట్టి ఎవరు ఏ పరీక్ష చేయించమన్నా డాక్టర్ని ఒక్కటే అడగండి: "ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగటివ్ వస్తే ఏం చేస్తారు?" రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆ పరీక్షకు తొందర లేదు.

ఈ లెక్కన చూస్తే ఏఎల్‌కే (ఈజీఎఫ్‌ఆర్ లాంటి ఇంకో జన్యువు), పీడీ-ఎల్1 (ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే చికిత్స, కోసం చూసే ప్రోటీన్) పరీక్షలు మీకు ఇప్పటికిప్పుడు దారి మార్చేవి కావు. ఏఎల్‌కే మార్పు ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఇచ్చే అలెక్టినిబ్‌ను 4 సెంటీమీటర్లు, అంతకు మించిన కణితుల్లో, లేదా పై స్టేజ్‌లలో పరీక్షించారు. ఇమ్యునోథెరపీ కూడా దాదాపు అంతే. ఈజీఎఫ్‌ఆర్‌తో కలిపి ఒకే ప్యానెల్‌లో ఇవి వచ్చేస్తే రానివ్వండి, ముందు ముందు ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న రిపోర్టు చూద్దాం. జబ్బు తీరు గురించి అన్నింటికన్నా ఎక్కువ చెప్పేది మీరు దాటుకుంటూ వెళ్లిపోయిన ఆ వాక్యమే: 11 లింఫ్ గ్రంథులూ నెగటివ్. ఏ కొత్త రక్తపరీక్షా ఇంతవరకు ఈ మాట స్థానాన్ని తీసుకోలేకపోయింది. అయితే గ్రంథులు ఎన్ని తీశారు, ఎక్కడెక్కడి నుంచి తీశారు అన్నదాన్ని బట్టి ఆ నెగటివ్‌కు బలం వస్తుంది. రెండు గ్రంథులు తీసి రెండూ నెగటివ్ అంటే అంత ధైర్యం రాదు. రిపోర్టులో స్టేషన్ల పక్కన అంకెలుంటాయి. 2 నుంచి 9 వరకు ఉన్నవి ఛాతీ మధ్య భాగానివి, 10 నుంచి పైవి ఊపిరితిత్తి వైపువి. మధ్య భాగం నుంచి కనీసం మూడు స్టేషన్లు ఉంటే గ్రంథుల్ని శ్రద్ధగా తీశారని నమ్మవచ్చు. మీ రిపోర్టులోని నాలుగింటిలో మూడు ఆ వరుసలోవేనా అని చూసుకోండి.

పీఎల్1 అంటే కణితి ఊపిరితిత్తి పైపొరలో ఉండే సాగే పొరను దాటింది, కానీ బయటి అంచుకు రాలేదని. 2.8 సెంటీమీటర్లు అన్న కొలత ఒక్కటే చూస్తే స్టేజ్ 1ఎ3 అయ్యేది. ఈ దాటడం వల్ల 1బి అయింది. ఆ సాగే పొర మామూలు రంగులో సరిగ్గా కనిపించదు. దానికి ప్రత్యేకమైన రంగు వేసి చూడాలి. మీ పాథాలజిస్టు ఎంతో ఓపిగ్గా చూశారు కాబట్టే ఈ సంగతి బయటపడింది. అది బయటపడటం వల్లే ఓసిమెర్టినిబ్ గురించి ఆలోచించే అవకాశం కూడా వచ్చింది, ఎందుకంటే 1ఎ వాళ్లు అడౌరాలో లేరు.

స్టాస్ అంటే కణితి అంచు దాటి చుట్టూ ఉన్న గాలి గదుల్లో కూడా క్యాన్సర్ కణాలు కనిపించాయని అర్థం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చేరిన మాట ఇది. లోబ్ మొత్తం కాకుండా కణితిని, దాని చుట్టూ కొద్ది భాగాన్ని మాత్రమే కోసి తీసినప్పుడు దీనికి ఎక్కువ భయపడాలి. మీ నాన్నగారికి లోబ్ మొత్తం తీసేశారు, అంచులు క్లియర్‌గా ఉన్నాయి. నేనైతే ఈ ఒక్క మాట పట్టుకుని నిద్ర పాడుచేసుకోను.

సీఈఏ విషయంలో మీకు నిజంగా మంచి కబురే వచ్చింది. 1965లో కెనడాలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో దీన్ని కనిపెట్టారు. తర్వాత ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలో కూడా పెరుగుతుందని తెలిసింది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపు ఉంటే మామూలు అంటారు. ఆపరేషన్‌కి ముందు ఎక్కువ ఉండి తర్వాత మామూలుకు దిగినవాళ్లు, దిగనివాళ్లకన్నా బాగుంటారని చాలా పరిశోధనలు చూపించాయి. 9.6 నుంచి 3.1కి రావడం అంటే ఆ దిగడమే. కానీ ఇక్కడితో ఆగండి. ప్రతి నెలా సీఈఏ చేయించి గ్రాఫు గీయవద్దు. సిగరెట్, దీర్ఘకాలపు బ్రాంకైటిస్, కాలేయ జబ్బులు, పేగుల వాపు, వీటన్నింటిలో ఇది కొంచెం కొంచెం పెరుగుతుంది. 3.1 కాస్తా 4.4 అయిన రోజు మీ ఇంట్లో ఎవరూ అన్నం తినరు, అందులో ఏమీ లేకపోయినా. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత జబ్బును కనిపెట్టి ఉండడానికి రక్తంలోని మార్కర్లను వాడవద్దని అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ మార్గదర్శకం స్పష్టంగానే చెప్పింది.

ఎన్ఎల్ఆర్ లెక్క ఈరోజుతో ఆపేయండి. అది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను లింఫోసైట్స్ అనే ఇంకో రకం తెల్లకణాలతో భాగిస్తే వచ్చే అంకె. శరీరంలో వాపు ఎంత ఉందో స్థూలంగా చెబుతుంది. వందల మందిని కలిపి చూస్తే, ఆపరేషన్‌కి ముందు అది ఎక్కువ ఉన్నవాళ్లకు ఫలితాలు కొంచెం తక్కువగా ఉన్నాయన్నది నిజమే. కానీ హద్దు 3 అని ఒకరు, 5 అని ఇంకొకరు, ఎవరి లెక్క వారిది. పైగా మీ నాన్నగారికి ఛాతీ తెరిచి ఐదు వారాలే అయింది. గాయం మానుతోంది. కొంచెం జలుబు చేసినా, స్టెరాయిడ్ మందు వాడినా, ఆ అంకె లేస్తుంది. ఈ 4.2 క్యాన్సర్ గురించి ఏమీ చెప్పడం లేదమ్మా.

మీ అన్నయ్యగారు అడుగుతున్న పరీక్షను తీసిపారేయను. క్యాన్సర్ కణాలు చచ్చిపోయేటప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలు రక్తంలోకి వస్తాయి. దాన్నే సీటీ డీఎన్ఏ అంటారు (సీటీ స్కాన్‌లోని సీటీకీ దీనికీ సంబంధం లేదు). ఆ ముక్కలు రక్తంలో కొద్ది గంటలకు మించి నిలవవు. అందుకే కణితి తీసేసి కొన్ని వారాలు గడిచాక కూడా కనిపిస్తున్నాయంటే ఎక్కడో ఇంకా పుడుతున్నాయని అర్థం. బ్రిటన్‌లో జరుగుతున్న ట్రేసర్ఎక్స్ అనే పెద్ద అధ్యయనం 2017లో, స్కాన్‌లో తెలిసేకన్నా ముందే కొందరిలో రక్తంలో ఈ జాడ కనిపించిందని చూపించింది. ఈ రంగంలో నాకు అన్నింటికన్నా ఆశ కలిగించేది ఇదే.

ఐతే మీ నాన్నగారి విషయంలో రెండు చిక్కులున్నాయి. చిన్న అడినోకార్సినోమాలు రక్తంలోకి డీఎన్ఏను చాలా తక్కువ వదులుతాయి. జబ్బు మెదడులో తిరగబెడితే అది కూడా రక్తంలో సరిగ్గా దొరకదు. కాబట్టి నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేరు, స్కాన్లు మానలేరు. రెండో చిక్కు ఇంకా పెద్దది. పాజిటివ్ వచ్చి, స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే ఏ మందు ఇవ్వాలి? అప్పుడు మందు ఇస్తే, జబ్బు కనిపించేదాకా ఆగినవాళ్లకన్నా ఎక్కువ కాలం బతుకుతారని ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇంకా రుజువు కాలేదు. పైగా వయసు మీదపడ్డాక మన రక్తకణాల్లోనే కొన్ని జన్యుమార్పులు వస్తాయి. తెల్లకణాలతో పోల్చి చూడని పరీక్ష వాటిని కూడా క్యాన్సర్ అనుకునే ప్రమాదం ఉంది. ట్రయల్‌లో భాగంగా చేస్తామంటే సంతోషంగా చేరండి. ఇంటి దగ్గర మీరు సొంతంగా చేయించి, ఆ కాగితం పట్టుకుని నెలల తరబడి భయపడడం మాత్రం నాకు ఇష్టం లేదు.

కొత్త మార్కర్ల మీద ఇంత జాగ్రత్త ఎందుకంటే, మా రంగం ఒకసారి గట్టిగా దెబ్బతింది. 2006లో ఈఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ మీద ఒక పరిశోధన వచ్చింది. కణితిలో అది లేనివాళ్లకే ఆపరేషన్ తర్వాతి సిస్‌ప్లాటిన్ కీమో మేలు చేస్తుందని 761 కణితుల్ని పరీక్షించి చెప్పారు. చేసినవాళ్లు నిజాయితీపరులు, అచ్చయినది పెద్ద పత్రికలో. డీఎన్ఏకి తగిలిన దెబ్బను బాగుచేసే ప్రోటీన్ లేకపోతే, డీఎన్ఏను దెబ్బతీసే మందు బాగా పనిచేస్తుంది కదా, తర్కం కూడా చక్కగా కుదిరింది. ఇక ఎవరికి కీమో ఇవ్వాలో తేలిపోయిందనుకున్నాం. 2013లో దాదాపు అదే బృందం ఇంకో 494 కణితుల మీద అదే పరీక్ష చేస్తే ఫలితం నిలవలేదు. పరీక్షకు వాడే యాంటీబాడీ కొత్త బ్యాచుల్లో వేరేగా పనిచేస్తోంది. పైగా ఆ ప్రోటీన్‌కు నాలుగు రూపాలున్నాయి, నిజంగా పనిచేసేది ఒకటే, దాన్ని మిగతా మూడింటి నుంచి విడదీసే యాంటీబాడీ ఏదీ దొరకలేదు. తమ పాత ఫలితం నిలవలేదని వాళ్లే బయటపెట్టారు, అందుకు నాకు వాళ్ల మీద గౌరవం. ఆ మధ్య ఏడేళ్లలో ఆ పరీక్షను నమ్మి చికిత్స నిర్ణయించుకున్నవాళ్లను తలుచుకుంటే మాత్రం మనసు బరువెక్కుతుంది. 'కొత్త పరిశోధన' అన్న శీర్షిక కింద ఒక మార్కర్ పేరు చదివినప్పుడల్లా నాకు ఈఆర్‌సీసీ1 గుర్తొస్తుంది.

జబ్బు తిరగబెడుతుందో లేదో ముందే తెలిసే దారి ఉందా అన్నారు. ఒక్క మనిషి విషయంలో లేదు. స్టేజ్ 1బిలో ఆపరేషన్ అయినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 73 శాతం అని అంతర్జాతీయ లెక్కల్లో ఉంది. ఆ లెక్క 1999 నుంచి 2010 మధ్య జబ్బు బయటపడినవాళ్లది. అప్పటికి ఓసిమెర్టినిబ్ లేదు. మిగతా 27 మందిలో గుండెపోటుతో, వేరే కారణాలతో పోయినవాళ్లు కూడా ఉన్నారు. నాన్నగారు ఆ 73లో ఉంటారా, 27లో ఉంటారా అన్నది ఇవాళ ఏ రక్తపు బొట్టూ చెప్పలేదు.

చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి ఛాతీ సీటీ, తర్వాత ఏడాదికోసారి తప్పకుండా చేయించండి. మధ్యలో తగ్గని తలనొప్పి, కళ్లెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒకే చోట ఎముక నొప్పి వస్తే తర్వాతి స్కాన్ కోసం ఆగవద్దు. పెట్ స్కాన్, మెదడు ఎంఆర్ఐ లక్షణాలేమీ లేకుండా పదే పదే చేయించాల్సిన పనిలేదు. ఆయన సిగరెట్ మానేశారు చూశారా, అది చాలా పెద్ద పని, మీరెవరైనా ఆయనతో ఆ మాట అన్నారా? రోజూ కొంచెం కొంచెం నడక పెంచమనండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టర్ని అడగండి.

చివరికి నాన్నగారి ప్రశ్న. "పూర్తిగా పోయింది నాన్నా" అని అబద్ధం చెప్పవద్దు. రేపు ఓసిమెర్టినిబ్ ఇవ్వాల్సి వస్తే, జబ్బు పోయిందన్న మనిషికి మూడేళ్ల మాత్ర ఎందుకో చెప్పలేక మీరే ఇరుక్కుంటారు. ఆ మాత్రతో విరేచనాలు, చర్మం పొడిబారడం, గోళ్ల చుట్టూ పుండ్లు మామూలే. అరుదుగా ఊపిరితిత్తులకు, గుండెకు కూడా ఇబ్బంది రావచ్చు. భరించాల్సింది ఆయన, కాబట్టి తీసుకోవాలా వద్దా అన్నది కూడా ఆయనే తేల్చుకోవాలి. ఇలా చెప్పి చూడండి: "కనిపించినదంతా తీసేశారు నాన్నా. గ్రంథులకు పాకలేదు. కంటికి కనిపించనిది ఏమైనా మిగిలిందేమో ఎవరూ చెప్పలేరు, అందుకే ఆరు నెలలకోసారి చూస్తారు. నీ కణితి ముక్క మీద ఇంకో పరీక్ష చేయిస్తున్నాం, అది కుదిరితే ఒక మాత్ర ఉందట. ఫలితం వచ్చాక డాక్టరు దగ్గరికి అందరం కలిసి వెళ్దాం." ఆ రోజు నాన్నగారిని బయట కూర్చోబెట్టకండి, లోపల డాక్టరుకు ఎదురు కుర్చీలో ఆయన్నే కూర్చోనివ్వండి.